లైబ్రరీ కార్డుతో ఈ-బుక్కులు, ఆడియో బుక్కులు

అమెరికాలో దాదాపు ఏ ఊళ్లో ఉన్నా అక్కడి పబ్లిక్ లైబ్రరీ కార్డు చేతిలో ఉంటే ఈ-బుక్కులు, ఆడియో బుక్కులు ఇంట్లో కూర్చునే అరువు తెచ్చుకోవచ్చు. పైసా కట్టనక్కర్లేదు. ఫోనులోకో ట్యాబ్లెట్‌లోకో వచ్చిన పుస్తకం గడువు తీరగానే తనంతట తానే వెనక్కి పోతుంది కాబట్టి ఆలస్య రుసుము మాటే ఉండదు. పుస్తకం పోతుందనీ, పిల్లలు పేజీలు చింపుతారనీ బెంగ అక్కర్లేదు.

ఉచితమంటే దాని ఖర్చు ఎవరూ భరించడం లేదని కాదు. అక్కడి లైబ్రరీలు ప్రధానంగా స్థానిక పన్నులతో నడుస్తాయి. ఇల్లు కొనుక్కున్న కుటుంబం ఏటా ఊరికి కట్టే పన్నుల్లోంచే లైబ్రరీకి డబ్బు వెళ్తుంది. అద్దెకున్నవాళ్లు కట్టే అద్దెలోనూ ఆ పన్ను కలిసే ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేయడం వెనక ఉన్న ఆలోచనా ఇదే. అలా ముందే డబ్బు కట్టేసిన పుస్తకాలకు మళ్లీ నెలనెలా చందా కడుతున్న తెలుగు ఇళ్లు అమెరికాలో చాలా ఉన్నాయి. ఆడియో బుక్కులు అమ్మే ఆడిబుల్‌లో నెలకు ఒక పుస్తకం ఇచ్చే చందా 14.95 డాలర్లు. ఏడాదికి లెక్కేస్తే 180 డాలర్లకు కాస్త తక్కువ. ఆ పుస్తకాల్లో చాలావాటిని లైబ్రరీ నుంచి తెచ్చుకోవచ్చు. అడిగిన రోజునే చేతికి రాకపోవచ్చు, అంతే తేడా. ఆ ఎదురుచూపును ఎలా సర్దుకోవాలో తెలిసినవాళ్లకు ఏడాది పొడుగునా చదవడానికీ వినడానికీ కొరత ఉండదు.

కార్డు సంపాదించడం

కార్డు కోసం లైబ్రరీ అడిగేవి రెండే: ఫొటో ఉన్న గుర్తింపు పత్రం, చిరునామా రుజువు. డ్రైవింగ్ లైసెన్సు మీద ఇప్పటి చిరునామా ఉంటే ఆ ఒక్కటీ సరిపోతుంది. లేకపోతే పాస్‌పోర్టు తీసుకెళ్లి, దానితో పాటు అపార్ట్‌మెంట్ లీజు కాగితమో కరెంటు బిల్లో బ్యాంకు స్టేట్‌మెంటో చూపించవచ్చు. లైబ్రరీకి కావలసింది నివాసం. వీసా ఏ రకమన్నది సాధారణంగా అడగరు. డిపెండెంట్ వీసా మీద వచ్చి ఉద్యోగం చేసే వీల్లేక ఇంట్లో ఉన్నవాళ్లకూ, చదువుకోవడానికి వచ్చిన విద్యార్థులకూ ఈ సంగతి తెలియకపోవడం వల్ల ఏళ్లు గడిచిపోతుంటాయి. ఊళ్లో అడుగుపెట్టిన మొదటి వారంలో చేయవలసిన పనుల్లో బ్యాంకు ఖాతా పక్కనే లైబ్రరీ కార్డును కూడా రాసుకోవాలి.

చాలా లైబ్రరీలు ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు తీసుకుని తాత్కాలిక నంబరు ఇస్తాయి. కొన్నిచోట్ల దానితోనే డిజిటల్ పుస్తకాలు తెచ్చుకోవచ్చు, కొన్నిచోట్ల ఒకసారి కౌంటరు దాకా వెళ్లి కాగితాలు చూపించాలి. కార్డు నంబరు, పిన్ చేతికొచ్చాక మిగతాదంతా ఫోనులోనే. పిల్లలకు తల్లిదండ్రుల సంతకంతో విడిగా కార్డు ఇస్తారు. ఇంట్లో నలుగురుంటే నాలుగు కార్డులు తీసుకోవడమే మేలు. ఒక్కో కార్డు మీద ఇన్ని పుస్తకాలు, ఇన్ని హోల్డులు (ఖాళీ లేని పుస్తకం కోసం వరసలో పేరు పెట్టుకోవడం) అని పరిమితి ఉంటుంది. పిల్లల బొమ్మల పుస్తకాలతో అమ్మ కార్డు నిండిపోతే ఆమె చదువుకోవాలనుకున్న నవలకు చోటుండదు.

ఒకరికి ఒక కార్డే ఉండాలన్న నియమం కూడా లేదు. నివాసం ఉన్న ఊళ్లోనే కాక, పనిచేసే చోటో చదువుకునే చోటో ఉన్న లైబ్రరీ కూడా చాలాసార్లు కార్డు ఇస్తుంది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ, బ్రూక్లిన్, క్వీన్స్ లైబ్రరీలు మూడు వేర్వేరు సంస్థలు. న్యూయార్క్ రాష్ట్రంలో నివసించేవాళ్లకూ, పనిచేసేవాళ్లకూ, చదువుకునేవాళ్లకూ ఆ మూడూ కార్డులిస్తాయి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇల్లుండి రోజూ రైలెక్కి మాన్‌హాటన్ ఆఫీసుకు వెళ్లేవాళ్లకు తమ ఊరి కార్డుతో పాటు ఈ మూడూ దక్కుతాయన్నమాట. హ్యూస్టన్ పబ్లిక్ లైబ్రరీ టెక్సస్ నివాసులందరికీ కార్డు ఇస్తుంది. కాలిఫోర్నియాలో ఒక కౌంటీలో ఉంటూ పక్క కౌంటీ లైబ్రరీలో సభ్యత్వం తీసుకోవడం మామూలు విషయం. 13 నుంచి 21 ఏళ్ల లోపు వాళ్లకు బ్రూక్లిన్ లైబ్రరీ 2022 నుంచి దేశమంతటా డిజిటల్ కార్డు ఇస్తోంది. స్కూలు లైబ్రరీల నుంచి పుస్తకాలు తొలగిస్తున్న రాష్ట్రాల్లోని పిల్లల కోసం మొదలుపెట్టిన పని అది. ఎక్కువ కార్డులుంటే ఒకే పుస్తకం ఏ లైబ్రరీలో ముందు దొరుకుతుందో చూసుకునే వీలుంటుంది.

లిబ్బీ

లైబ్రరీలకు డిజిటల్ పుస్తకాలు సమకూర్చే సంస్థల్లో పెద్దది ఓవర్‌డ్రైవ్. 1986లో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టిన ఈ సంస్థ 2003లో ఆ ఊరి లైబ్రరీతోనే ఈ-బుక్కులు అరువివ్వడం ప్రారంభించింది. 2017లో లిబ్బీ అనే యాప్ తెచ్చింది. ఓవర్‌డ్రైవ్ పేరుతోనే ఉన్న పాత యాప్ 2023లో ఆగిపోయింది. పాత పుస్తకాల్లోనో ఎవరైనా స్నేహితుల మాటల్లోనో ఆ పేరు వినబడితే ఇప్పుడు దాని స్థానంలో లిబ్బీ ఉందని అర్థం చేసుకోవాలి.

యాప్ తెరవగానే లైబ్రరీ కార్డు ఉందా అని అడుగుతుంది. ఊరి పేరో జిప్ కోడో ఇచ్చి లైబ్రరీని ఎంచుకుని, కార్డు నంబరు, పిన్ టైపు చేస్తే లోపలికి వెళ్లినట్టే. రెండో కార్డు, మూడో కార్డు కూడా అదే యాప్‌లో చేర్చుకోవచ్చు. తెచ్చుకున్న పుస్తకాలు, హోల్డులు అన్నీ షెల్ఫ్ అనే చోట కనిపిస్తాయి. పుస్తకం ఖాళీగా ఉంటే ‘బారో’, ఖాళీ లేకపోతే ‘ప్లేస్ హోల్డ్’ అని ఉంటుంది. గడువు లైబ్రరీని బట్టి 7, 14, 21 రోజులు. కొన్ని లైబ్రరీల్లో వీటిలో ఒకటి ఎంచుకోవచ్చు. గడువు ముగియడానికి మూడు రోజుల ముందు, వరసలో మరెవరూ లేకపోతే, రెన్యూ చేసుకునే వీలు కనిపిస్తుంది. పుస్తకం మొత్తం ఫోనులోకి దిగుతుంది కాబట్టి విమానంలోనూ సిగ్నల్ లేని దారిలోనూ చదువుకోవచ్చు, వినవచ్చు.

మేగజైన్లకు వరస లేదు. ద న్యూయార్కర్ లాంటి పత్రికల తాజా సంచికలు ఎంతమంది అడిగినా ఒకేసారి అందరికీ ఇస్తారు, చాలా లైబ్రరీల్లో అవి అరువు లెక్కలోకి కూడా రావు.

వరస ఎందుకు?

డిజిటల్ పుస్తకానికి ఎదురుచూడటమేమిటన్న సందేహం కొత్తవాళ్లందరికీ వస్తుంది. ఒక ఫైలును వెయ్యిమందికి ఇవ్వడం సాంకేతికంగా కష్టమేమీ కాదు. లైబ్రరీ కొనేది ఫైలును కాదు, ఒక సమయంలో ఒక్కరికి అరువిచ్చే హక్కును. పది హక్కులు కొంటే ఒకేసారి పదిమంది చదవగలరు, పదకొండోవారు ఆగాలి.

ఆ హక్కు కూడా శాశ్వతం కాదు. అచ్చు పుస్తకం కొంటే అట్ట ఊడేదాకా లైబ్రరీదే. ఈ-బుక్ విషయంలో 2011లో హార్పర్‌కాలిన్స్ 26 సార్లు అరువిచ్చాక హక్కు రద్దవుతుందన్న నిబంధన పెట్టింది. మిగతా పెద్ద ప్రచురణకర్తల్లో చాలామంది రెండేళ్ల గడువు పెట్టారు. ధర కూడా మామూలు కొనుగోలుదారుడి ధర కాదు. బయట 15 డాలర్లకు దొరికే కొత్త నవలకు లైబ్రరీ తరచుగా 55 నుంచి 65 డాలర్ల దాకా కట్టి, రెండేళ్లయ్యాక మళ్లీ కట్టాలి. 2019 నవంబరులో మాక్మిలన్ సంస్థ ఇంకో అడుగు ముందుకు వేసింది: కొత్త పుస్తకం వచ్చిన మొదటి ఎనిమిది వారాల్లో ఎంత పెద్ద లైబ్రరీకైనా ఒకే ఒక్క ప్రతి అమ్ముతామంది. లైబ్రరీలు బహిష్కరణకు దిగాయి. 2020 మార్చిలో ఆ నిబంధనను ఉపసంహరించుకోక తప్పలేదు. ప్రజల పన్నులతో నడిచే సంస్థకు వ్యక్తికి అమ్మే ధర కంటే నాలుగింతలకు అమ్మడం, దాన్నీ రెండేళ్లకే లాక్కోవడం అన్యాయమే. లైబ్రరీల సంఘాలు చాలా ఏళ్లుగా పోరాడుతున్నా పద్ధతి పెద్దగా మారలేదు.

కొన్ని పుస్తకాలు ఎంత ఎదురుచూసినా రావు. ఆడిబుల్ తనకు మాత్రమే ప్రత్యేకంగా తయారుచేసుకున్న ఆడియోలను చాలావరకు లైబ్రరీలకు అమ్మదు. అలాంటివాటి కోసం లిబ్బీలో వెతకడం కాలహరణం.

హోల్డులను నడిపే తీరు

ఈ పనిలో నేర్పు అవసరమైన చోటు ఇదే. ఏదైనా కొత్త నవల మీద హోల్డ్ పెట్టగానే లిబ్బీ కొన్ని వివరాలు చూపిస్తుంది: వరసలో ఎన్నో స్థానం, లైబ్రరీ దగ్గర ఎన్ని ప్రతులున్నాయి, ఒక్కో ప్రతికి ఎంతమంది ఎదురుచూస్తున్నారు, సుమారు ఎన్ని వారాలు పడుతుంది. పది ప్రతులున్న పుస్తకానికి నలభయ్యో స్థానం వచ్చిందనుకుందాం. అంటే ఒక్కో ప్రతికి నలుగురు. గడువు 21 రోజులైతే అందరూ చివరి రోజుదాకా ఉంచుకున్నా 84 రోజులు, అంటే పన్నెండు వారాలు. నిజానికి అంత పట్టదు. కొందరు వారంలోనే చదివేసి తిరిగిచ్చేస్తారు, కొందరు వంతు వచ్చేసరికి ఆసక్తి పోయి వదిలేస్తారు, గిరాకీ చూసి లైబ్రరీ ఇంకొన్ని ప్రతులు కొంటుంది. అందుకే మొదట కనిపించిన వారాల లెక్క చూసి నిరుత్సాహపడి హోల్డ్ పెట్టకుండా వెళ్లిపోవడం పొరపాటు. హోల్డ్ పెట్టినవాళ్ల సంఖ్యే లైబ్రరీని మరో ప్రతి కొనేలా చేస్తుంది.

ఆడియో బుక్‌కూ ఈ-బుక్‌కూ వరసలు వేర్వేరు. ఒకదానికి పద్నాలుగు వారాలున్నప్పుడు రెండోది మూడు వారాల్లో రావచ్చు. రెండింటి మీదా హోల్డ్ పెట్టి ముందు వచ్చినదాన్ని తీసుకుని రెండోదాన్ని వదిలేయాలి. ఒకటికి మించి కార్డులున్నప్పుడు ఏ లైబ్రరీలో వరస చిన్నదో చూసి అక్కడ పెట్టాలి. అచ్చు ప్రతి ఊళ్లోని అరలోనే ఖాళీగా కూర్చుని ఉండటం కూడా తరచుగా జరిగేదే.

హోల్డ్ వంతు వచ్చినప్పుడు కబురు వస్తుంది. తీసుకోవడానికి మూడు రోజుల సమయం ఉంటుంది, ఆలోపు స్పందించకపోతే ప్రతి తర్వాతివారికి వెళ్లిపోతుంది. అన్ని హోల్డులూ ఒకే వారంలో వచ్చి పడటం హోల్డులు పెట్టేవాళ్లందరికీ ఎదురయ్యే చిక్కు. దానికి మందు ‘డెలివర్ లేటర్’ అనే వీలు. ఇన్ని రోజుల తర్వాత ఇవ్వండి అని చెబితే ప్రతి వెనకవారికి వెళ్తుంది కానీ వరసలో సంపాదించుకున్న స్థానం పోదు. ఆ రోజులు గడిచాక మొదట ఖాళీ అయ్యే ప్రతి మళ్లీ వస్తుంది. చేతిలో ఉన్న పుస్తకం ఎప్పటికి పూర్తవుతుందో అంచనా ఉన్నవాళ్లు వంతు రాకముందే ఈ తేదీలు సర్దుకుంటే తొందరపడి చదవవలసిన పని ఉండదు.

హోల్డుల జాబితా మొత్తాన్నీ కొత్తగా వచ్చిన, అందరూ ఎగబడే పుస్తకాలతో నింపకూడదు. అలా నింపితే ఆరేడు వారాల దాకా ఏమీ రాదు, ఆ తర్వాత అన్నీ వచ్చేస్తాయి. దూరపు వరస ఉన్నవి రెండు మూడు, మధ్యస్థంగా ఉన్నవి కొన్ని, వెంటనే దొరికేవి ఒకటి రెండు ఎప్పుడూ ఉండేలా చూసుకోవాలి. వెంటనే దొరికేవాటిని వెతకడానికి ‘అవైలబుల్ నౌ’ అన్న వడపోత ఉంది. పదేళ్ల కిందట అందరూ మాట్లాడుకున్న మంచి పుస్తకాలు ఇప్పుడు అక్కడ ఖాళీగా దొరుకుతాయి. వాటి విలువ పదేళ్లలో తగ్గిపోలేదు. కొన్ని లైబ్రరీలు గిరాకీ ఉన్న పుస్తకాల ప్రతులు కొన్ని వరసతో సంబంధం లేకుండా విడిగా ఉంచుతాయి. హోల్డ్ పెట్టే వీలుండదు, చూసినవాళ్లు అప్పటికప్పుడు తీసుకోవాలి, గడువు తక్కువ. ‘లక్కీ డే’, ‘స్కిప్ ద లైన్’ అని వాటికి పేర్లు. రోజుకోసారి యాప్ తెరిచే అలవాటున్నవాళ్లకు ఇవి తగులుతుంటాయి.

వెతికిన పుస్తకం లైబ్రరీ అసలు కొనకపోతే ‘నోటిఫై మీ’ అన్న ట్యాగ్ పెట్టవచ్చు. కొనుగోళ్లు నిర్ణయించే లైబ్రేరియన్లకు ఈ పుస్తకాన్ని ఇంతమంది అడిగారని తెలుస్తుంది, కొన్న రోజున పాఠకుడికి కబురు అందుతుంది.

చదివేసిన పుస్తకాన్ని గడువుదాకా ఉంచుకోకుండా ‘మేనేజ్ లోన్’ లోకి వెళ్లి ‘రిటర్న్ ఎర్లీ’ నొక్కితే అదే రోజు ఇంకెవరికో చేరుతుంది. పూర్తి చేయలేమని తెలిసిపోయిన పుస్తకానికీ ఇదే వర్తిస్తుంది. వరసలో వెనకున్నవాళ్లు కనబడకపోయినా ఉన్నారు. ఈ పని చేయడానికి పట్టేది కొన్ని సెకన్లే కాబట్టి చేయకపోవడానికి కారణమే లేదు.

వినడం, కిండిల్‌లో చదవడం

ఆడియో బుక్కులు మొదలుపెట్టేవాళ్లు చేసే పొరపాటు పుస్తకం ఎంపికలో ఉంటుంది. వాదనల మీద వాదనలు పేర్చుకుంటూ పోయే పుస్తకాన్ని కారు నడుపుతూ వినలేరు. కథ నడిచే పుస్తకం, రచయిత స్వయంగా చదివిన ఆత్మకథ, ఇదివరకు చదివిన నవల ఇలాంటివి ముందు తీసుకోవాలి. ఆంగ్ల ఉచ్చారణకు ఇంకా చెవి అలవాటు పడనివాళ్లు అదే పుస్తకం ఈ-బుక్ కూడా తెచ్చుకుని మొదటి రెండు అధ్యాయాలు చూస్తూ వింటే తర్వాత సాఫీగా సాగుతుంది.

లిబ్బీలో వేగాన్ని 0.6 నుంచి 3 రెట్ల దాకా మార్చుకోవచ్చు. 1.2 దగ్గర మాట సహజంగానే ఉంటుంది, పది గంటల పుస్తకం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు వస్తుంది. అంతకు మించి పరుగెత్తించడం వల్ల ఒరిగేది తక్కువ. రాత్రి పడుకునే ముందు వినేవాళ్లు స్లీప్ టైమర్ పెట్టుకోకపోతే పొద్దున లేచేసరికి కథ మూడు అధ్యాయాలు దాటిపోయి ఉంటుంది.

ఈ-బుక్‌ను ఫోను తెరమీద గంటలకొద్దీ చదవడం కళ్లకు శ్రమ. కిండిల్ ఉన్నవాళ్లు అమెరికా లైబ్రరీల నుంచి తెచ్చుకున్న పుస్తకాల్లో చాలావాటిని అందులోకి పంపుకోవచ్చు. అమెజాన్ ఖాతాలోకి వెళ్లి ఒకసారి నొక్కాలి. గడువయ్యాక పుస్తకం పోయినా గీసుకున్న గీతలు, రాసుకున్న గమనికలు ఖాతాలో మిగులుతాయి, మళ్లీ అరువు తెచ్చుకున్నప్పుడు కనిపిస్తాయి. కోబో పరికరాల్లో నేరుగా లైబ్రరీ పుస్తకాలు వెతుక్కునే ఏర్పాటుంది.

ఒక విషయం మాత్రం తెలిసి చేయాలి. ఎవరు ఏం చదువుతున్నారన్న వివరం బయటికి పోకుండా కాపాడే చట్టాలు అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో లైబ్రరీలకు ఉన్నాయి. కిండిల్‌కు పంపిన మరుక్షణం ఆ పుస్తకం వివరం అమెజాన్ దగ్గరకు కూడా చేరుతుంది. ఆరోగ్యం, కుటుంబ సమస్యలు, చట్టపరమైన చిక్కుల గురించిన పుస్తకాలను లిబ్బీ యాప్‌లోనే చదువుకోవడం మంచిది.

హూప్లా

ఒహాయోలోనే పుట్టిన మరో సేవ హూప్లా. 2013 నుంచి నడుస్తోంది. ఇందులో వరస ఉండదు, అడిగినది వెంటనే వస్తుంది. ఎవరైనా ఒక పుస్తకం తీసుకున్న ప్రతిసారీ లైబ్రరీ కొంత కడుతుంది. ఆ ఖర్చు అదుపులో ఉంచడానికి నెలకు ఇన్నే అని కార్డుకు పరిమితి పెడతారు. ఖర్చు భరించలేక పరిమితి తగ్గించిన లైబ్రరీలూ, సేవనే మానుకున్న లైబ్రరీలూ ఉన్నాయి. పుస్తకాలతో పాటు కామిక్స్, సినిమాలు, పాటలు దొరుకుతాయి. లిబ్బీలో వరస పొడుగ్గా ఉన్న పుస్తకం ఇక్కడ ఉందేమో చూసి, ఉంటేనే నెల వాటాలో ఒకటి ఖర్చు పెట్టడం తెలివైన పని.

తెలుగు పుస్తకాలు

లిబ్బీలో భాషను బట్టి వెతికే వీలుంది. తెలుగు అని ఎంచుకుంటే చాలా లైబ్రరీల్లో కనిపించేది అతి తక్కువ, కొన్నిచోట్ల ఏమీ కనిపించదు. తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్న ఊళ్లలో కూడా పరిస్థితి ఇలా ఉండటానికి ఒక కారణం ప్రచురణ వైపుది: లైబ్రరీలకు అమ్మగలిగే రూపంలో తెలుగు ఈ-బుక్కులు, ఆడియోలు తక్కువగా తయారవుతున్నాయి. రెండోది పాఠకుల వైపుది, ఎవరూ అడగకపోవడం. లైబ్రరీ వెబ్‌సైట్లలో పుస్తకం కొనమని సూచించే ఫారం దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. ఒకే ఊరి నుంచి పది కుటుంబాలు అలా అడిగితే లైబ్రేరియన్లు పట్టించుకుంటారు.

అప్పటిదాకా తెలుగు కోసం వెళ్లవలసిన చోట్లు వేరు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, ఒకప్పుడు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. పేజీల నాణ్యత ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, పేరు వర్ణక్రమం రకరకాలుగా రాసి వెతకాలి. కాపీరైటు తీరిన పుస్తకాలను టైపు చేసి, దిద్ది పెట్టిన చోటు తెలుగు వికీసోర్స్. ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా విద్యార్థులకు ఎక్కువగా ఉపయోగపడుతుంది. పిల్లల కోసం ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా చదువుకోవచ్చు, దించుకోవచ్చు. నేషనల్ బుక్ ట్రస్ట్ నిర్వహించే రాష్ట్రీయ ఇ-పుస్తకాలయలో 3 నుంచి 18 ఏళ్ల పిల్లలకు భారతీయ భాషల్లో పుస్తకాలున్నాయి. వీటిలో వేటికీ అమెరికా లైబ్రరీ కార్డు అక్కర్లేదు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవాళ్లకూ ఇవి అందుబాటులోనే ఉన్నాయి.

చూపు మందగించినవాళ్లకు, చేతుల్లో పుస్తకం పట్టుకోలేనివాళ్లకు, డిస్లెక్సియా ఉన్నవాళ్లకు అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1931 నుంచి విడిగా ఒక సేవ నడుపుతోంది. అర్హత ఉందని ధ్రువీకరించిన ఫారం ఇస్తే బార్డ్ అనే యాప్ ద్వారా ఆడియో పుస్తకాలన్నీ ఉచితం. అందులో వరస ఉండదు. భారతదేశంలో ఇలాంటివాళ్ల కోసం 2016లో సుగమ్య పుస్తకాలయ మొదలైంది. పిల్లల దగ్గరకు వచ్చి అక్కడే స్థిరపడ్డ పెద్దవాళ్లున్న ఇళ్లలో ఈ రెండింటి పేర్లూ తెలిసి ఉండాలి.

ఊరు మారినప్పుడు

కార్డుకు కాలపరిమితి ఉంటుంది. లైబ్రరీని బట్టి ఏడాదికో రెండు మూడేళ్లకో చిరునామా మళ్లీ రుజువు చేయమంటారు. కార్డు చెల్లకపోతే అరువూ ఆగుతుంది, నెలల తరబడి ఎదురుచూసిన హోల్డులూ చేజారతాయి. ఉద్యోగం మారి మరో రాష్ట్రానికి వెళ్తున్నవాళ్లు కొత్త ఊరి కార్డు తీసుకుని లిబ్బీలో చేర్చుకున్నాకే పాతది తొలగించాలి. పాత కార్డు మీది హోల్డులు కొత్త కార్డుకు బదిలీ కావు. జాబితాను ముందే ట్యాగ్‌గా దాచుకుంటే కొత్త లైబ్రరీలో మళ్లీ పెట్టుకోవడం తేలిక. సెలవులకు ఇండియా వెళ్లేవాళ్లు బయలుదేరే ముందే పుస్తకాలు ఫోనులోకి దించుకోవాలి. కార్డు చెల్లుబాటులో ఉన్నంతకాలం లిబ్బీ అక్కడా పనిచేస్తుంది కానీ కొన్ని పుస్తకాలకు దేశాల వారీగా పరిమితులు ఉంటాయి.